షుగర్ ఉన్నవాళ్ళు పూటకి ఎంత తినాలో ఎలా తేల్చుకోవాలి: ప్లేటు, కప్పు, మీటర్ పద్ధతి

షుగర్ ఉందని రిపోర్టు చేతికి రాగానే అందరూ అడిగేది ఒకటే ప్రశ్న, ఏం తినొచ్చు ఏం తినకూడదు ఒక లిస్టు ఇవ్వండి అని. రెండో ప్రశ్న, అన్నం పూర్తిగా మానేయాలా అని. లిస్టు ఇవ్వడం పెద్ద పనేం కాదు, కానీ దాంతో మీ షుగర్ అదుపులోకి రాదు, ఎందుకంటే అదే అన్నం అదే కొలతలో తిన్నా ఒకళ్ళకి 40 పెరుగుతుంది ఇంకొకళ్ళకి 110 పెరుగుతుంది, వయసు, బరువు, వేసుకునే మందులు, రాత్రి నిద్ర, తిన్నాక నడిచారా కూర్చున్నారా అన్నీ కలిసి ఆ అంకెని మారుస్తాయి. అందుకే మీ ఒంటికి ఏది ఎంత పడుతుందో మీరే కొలిచి తేల్చుకునే పద్ధతి రాస్తున్నా. రెండు మూడు వారాలు ఓపిగ్గా చేస్తే చాలు, ఆ తర్వాత చాలా వరకు చూపుతోనే తెలిసిపోతుంది.

ఇది ఎక్కువగా టైప్ 2 ఉన్న పెద్దవాళ్ళ కోసం. టైప్ 1 ఉండి ప్రతి పూటా ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు పిండి పదార్థం గ్రాములు లెక్కపెట్టి దానికి తగ్గ డోసు వేసుకోవాలి, కొలతల భాగం మీక్కూడా పనికొస్తుంది కానీ డోసు లెక్క మీ డాక్టర్ దగ్గరే నేర్చుకోండి. గర్భంతో ఉన్నవాళ్ళు కింద ఇచ్చిన అంకెలు వాడొద్దు, వాళ్ళ టార్గెట్లు ఇంకా తక్కువ (పరగడుపున 95 లోపు, తిన్న గంటకి 140 లోపు, రెండు గంటలకి 120 లోపు), వాళ్ళ డైట్ డాక్టర్ చూపుతోనే నడవాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు 4వ స్టెప్పు దగ్గర ఆగి జాగ్రత్తగా చదవండి.

కావాల్సినవి

- గ్లూకోమీటర్, ఎక్స్‌పైరీ డేట్ దాటని స్ట్రిప్పులు. స్ట్రిప్పుల డబ్బా మూత ఎప్పుడూ గట్టిగా పెట్టి ఉంచండి, తేమ తగిలితే రీడింగ్ తప్పొస్తుంది.
- 9 అంగుళాల ప్లేటు, అంటే అడ్డంగా కొలిస్తే దాదాపు 23 సెంటీమీటర్లు. స్కేలు పెట్టి కొలవండి, ఇళ్ళల్లో వాడే ప్లేట్లు చాలా వరకు 10, 11 అంగుళాలు ఉంటాయి.
- 240 ఎంఎల్ కొలత కప్పు ఒకటి. కిచెన్ త్రాసు ఉంటే ఇంకా మంచిది, లేకపోయినా పని ఆగదు.
- నోట్‌బుక్, పెన్ను. ఫోన్లో రాసుకున్నా సరే, కానీ డాక్టర్‌కి చూపించేటప్పుడు కాగితమే తేలిక.
- గ్లూకోజ్ మాత్రలు లేదా పంచదార. ఎందుకో మొదటి స్టెప్పులో ఉంది, ఇది లేకుండా మొదలుపెట్టకండి.

స్టెప్ 1. తిండి ముట్టుకునే ముందు మందుల పేర్లు చూసుకోండి

అందరూ వదిలేసే స్టెప్పు ఇదే, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. మీరు ఇన్సులిన్ వేసుకుంటున్నా, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు వాడుతున్నా, మందు డోసు అలాగే ఉంచి తిండి ఒక్కసారిగా సగం చేస్తే షుగర్ బాగా పడిపోతుంది. ఈ మందులు మీరు ఎంత తిన్నారో చూసుకుని పని చెయ్యవు, వాటి పని అవి చేసేస్తాయి. కాబట్టి ముందే డాక్టర్‌కి ఫోన్ చేసి "తిండిలో పిండి పదార్థం తగ్గించబోతున్నా, డోసు మార్చాలా" అని అడగండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి షుగర్ పడిపోవడం అరుదు.

పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉండే మాత్రలు (డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్) వాడేవాళ్ళు పిండి పదార్థం దాదాపు మానేసే డైట్లు, రోజుల తరబడి ఉపవాసాలు సొంతంగా చెయ్యకూడదు. షుగర్ మరీ ఎక్కువ లేకపోయినా రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుపోయి ప్రాణం మీదకి రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఊపిరి ఆడనట్టు ఉండటం, విపరీతమైన నీరసం కనిపిస్తే మీటర్లో అంకె బాగానే ఉందిలే అని కూర్చోకుండా హాస్పిటల్‌కి వెళ్ళాలి.

షుగర్ 70 ఎంజీ కన్నా తగ్గితే లో షుగర్. చెమటలు, వణుకు, గుండె దడ, కళ్ళు తిరగడం, ఉన్నట్టుండి చిరాకు, మాట తడబడటం దాని లక్షణాలు. అప్పుడు చెయ్యాల్సింది ఇది: 15 గ్రాముల తీపి వెంటనే తీసుకోవాలి, అంటే 3 నుంచి 4 గ్లూకోజ్ మాత్రలు, లేదా టేబుల్ స్పూన్ పంచదార నీళ్ళల్లో, లేదా 120 ఎంఎల్ పళ్ళ రసం. 15 నిమిషాలు ఆగి మళ్ళీ చెక్ చెయ్యండి. ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ అంతే తీసుకోండి. చాక్లెట్, ఐస్‌క్రీం లాంటివి ఈ టైంలో వద్దు, వాటిలో ఉండే కొవ్వు వల్ల తీపి రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. అకార్బోజ్, వోగ్లిబోస్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్ళకి పంచదార త్వరగా పని చెయ్యదు, గ్లూకోజే కావాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో ఏమీ పొయ్యొద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్ పిలవండి. ఈ పేరా ఇంట్లోవాళ్ళ చేత కూడా చదివించండి, ఎందుకంటే షుగర్ పడినప్పుడు మీకు మీరు చేసుకునే స్థితి ఉండకపోవచ్చు.

స్టెప్ 2. మూడు రోజులు ఏమీ మార్చకుండా రాయండి

చాలామంది మొదటిరోజే అన్నీ మార్చేస్తారు, తర్వాత దేనివల్ల తగ్గిందో దేనివల్ల పెరిగిందో తెలియదు. అలా కాకుండా మూడు రోజులు మామూలుగా మీరు తినేదే తినండి, ఒక్క తేడా, ప్రతిదీ కప్పుతో కొలిచి రాయాలి. టీలో చక్కెర ఎన్ని చెంచాలు, సాయంత్రం బిస్కెట్లు ఎన్ని, వంట చేస్తూ రుచి చూసినవి, పిల్లలు వదిలేస్తే తిన్నవి, అన్నీ. దీంట్లో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఎవరికీ చూపించక్కర్లేదు కూడా. మూడో రోజు రాత్రి ఆ పేజీ చూసుకుంటే భోజనాల కన్నా మధ్యలో తినేవాటిలోనే పిండి పదార్థం ఎక్కువ ఉందని చాలామందికి అప్పుడే తెలుస్తుంది.

స్టెప్ 3. పిండి పదార్థం ఎక్కడుందో గుర్తుపట్టండి

రక్తంలో షుగర్‌ని నేరుగా పెంచేది పిండి పదార్థం. తియ్యగా ఉండక్కర్లేదు. ఎక్కువమంది డైటీషియన్లు 15 గ్రాముల పిండి పదార్థాన్ని ఒక వంతుగా లెక్కేస్తారు, మీరూ అలాగే లెక్కేసుకోండి. ఈ అంకెలు సుమారుగానే, గ్రాము అటూ ఇటూ అవుతాయి:

- ఉడికిన తెల్లన్నం ఒక కప్పు: 45 గ్రాములు, అంటే 3 వంతులు
- బ్రెడ్డు ఒక స్లైసు: 15
- ఉడికిన ఆలుగడ్డ ముక్కలు అర కప్పు: 15
- మొక్కజొన్న గింజలు అర కప్పు: 15
- పొడి ఓట్స్ 40 గ్రాములు: 27
- ఉడికిన పప్పులు, బీన్స్ అర కప్పు: 20 (కానీ పీచు ఎక్కువ కాబట్టి నిదానంగా పెంచుతాయి)
- పాలు ఒక కప్పు: 12
- చిన్న యాపిల్: 15 నుంచి 20
- మీడియం సైజు అరటిపండు: 27
- ఆరెంజ్ జ్యూస్ ఒక కప్పు: 26
- చక్కెర ఒక చెంచా: 4
- ఆకుకూరలు, క్యాబేజీ, బెండకాయ, వంకాయ, బీన్స్ కాయల్లాంటి కూరగాయలు ఉడికినవి అర కప్పు: 5
- గుడ్డు, చేప, చికెన్: దాదాపు సున్నా

ఇక్కడ ఒక్క విషయం, బరువు తూచేటప్పుడు పచ్చి బియ్యమా ఉడికిన అన్నమా అనేది కచ్చితంగా చూసుకోవాలి. 100 గ్రాముల పచ్చి బియ్యంలో 80 గ్రాముల దాకా పిండి పదార్థం ఉంటుంది, అదే 100 గ్రాముల ఉడికిన అన్నంలో 28 మాత్రమే, మిగతాదంతా ఎక్కువ భాగం నీళ్ళు. ఈ రెండూ కలిపేసుకుని లెక్క మూడింతలు తప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు.

అందరికీ ఒకే అంకె లేదు కానీ, పూటకి 30 నుంచి 45 గ్రాములతో మొదలుపెట్టడం అనువుగా ఉంటుంది, ఒళ్ళు పెద్దగా ఉన్నవాళ్ళు, శారీరక శ్రమ చేసేవాళ్ళు 60 దాకా పెట్టుకోవచ్చు. మీరిప్పుడు పూటకి 120 గ్రాములు తింటుంటే ఒక్కసారిగా 30కి దిగకండి, మూడు నాలుగు రోజులకి ఒక వంతు చొప్పున తగ్గించండి. ఆకలి తట్టుకోలేక వారంలో వదిలేసే డైట్ కన్నా నెమ్మదిగా దిగినదే నిలుస్తుంది.

స్టెప్ 4. ప్లేటు సర్దండి

9 అంగుళాల ప్లేటు తీసుకుని మనసులో మధ్యకి ఒక గీత గీయండి. సగం మొత్తం పిండి లేని కూరగాయలు. మిగతా సగాన్ని మళ్ళీ రెండు చేసి, ఒక పావులో ప్రోటీన్ (గుడ్డు, చేప, చికెన్, పనీర్, సోయా, పప్పులు, బీన్స్), ఇంకో పావులో పిండి పదార్థం (అన్నం గానీ బ్రెడ్డు గానీ ఆలుగడ్డ గానీ). పక్కన మంచినీళ్ళు. అంతే. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెప్పే పద్ధతి కూడా ఇదే, దీంట్లో బాగున్న విషయం ఏంటంటే ఎక్కడ తింటున్నా ఏ వంట తింటున్నా పని చేస్తుంది.

వడ్డించే వరుస మార్చండి. ముందు కూరగాయలు వడ్డించుకోండి, తర్వాత ప్రోటీన్, చివరికి మిగిలిన పావులో మాత్రమే అన్నం. అన్నం ముందు పెట్టుకుంటే దానికి చోటు ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది. ఇంకోటి, పావు భాగం అంటే ప్లేటు అడుగున పావు, దాని మీద గోపురంలా ఎంత ఎత్తుకైనా పెట్టొచ్చని కాదు. మొదటి వారం అన్నం కప్పుతో కొలిచే పెట్టుకోండి, మీ ప్లేటులో ముప్పావు కప్పు ఎంత కనబడుతుందో కళ్ళకి అలవాటవ్వాలి.

పప్పులు, బీన్స్ మాత్రమే ప్రోటీన్‌గా తినే శాకాహారులకి ఒక తిరకాసు ఉంది. వాటిలో ప్రోటీన్‌తో పాటు పిండి పదార్థం కూడా ఉంటుంది కాబట్టి ఆ పూట అన్నం ఇంకొంచెం తగ్గించి లెక్క సరిచేసుకోవాలి. ఉదాహరణకి ముప్పావు కప్పు ఉడికిన పప్పు అంటే 30 గ్రాములు వచ్చేశాయి, దాని పక్కన మూడో వంతు కప్పు అన్నం పెడితే 15, మొత్తం 45. పనీర్, సోయా, గుడ్డు తినగలిగితే అన్నానికి కొంచెం చోటు మిగులుతుంది.

కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు ప్రోటీన్ ఎంత అనేది సొంతంగా పెంచకండి. డయాలసిస్ లేని కిడ్నీ జబ్బుకి మామూలుగా చెప్పే కొలత కేజీ బరువుకి రోజుకి 0.8 గ్రాములు, పొటాషియం ఎక్కువున్న కూరగాయలు, పళ్ళు కూడా కొందరికి పడవు. రిపోర్టులు చూసి డైటీషియన్ చెప్పిందే ఫైనల్.

స్టెప్ 5. తినే వరుస, తిన్న తర్వాత నడక

కొలత ఏమీ మార్చకుండానే అంకె తగ్గించే మార్గాలు రెండున్నాయి. ఒకటి, ప్లేటులో కూరగాయలు, ప్రోటీన్ ముందు తిని పిండి పదార్థం చివర్లో తినడం. ముందు కూరగాయలు, ప్రోటీన్ కడుపులోకి వెళ్తే పిండి పదార్థం అరిగి రక్తంలో కలిసే వేగం తగ్గుతుంది. అన్నీ కలుపుకునే తినే అలవాటు ఉన్నవాళ్ళకి ఇది కష్టమే, అలాంటప్పుడు సగం కూరగాయలైనా ముందు తినేసి మిగతావి కలుపుకోండి. రెండోది, తిన్నాక 10 నుంచి 15 నిమిషాలు నడక. గంట ఎక్సర్‌సైజ్ అంటే భయపడే వాళ్ళు కూడా ఇది చెయ్యగలరు, ఇంట్లో గదుల మధ్య తిరిగినా లెక్కే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కుర్చీలో కూర్చుని కాళ్ళు చేతులు కదిలించే వ్యాయామాలు చేసుకోవచ్చు.

స్టెప్ 6. జంట టెస్టులు

ఈ స్టెప్పు లేకపోతే పైవన్నీ ఊహలే. తినబోయే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన టైం నుంచి రెండు గంటలకి ఇంకోసారి చెక్ చెయ్యాలి. తినడం అయిపోయిన టైం నుంచి కాదు, మొదలుపెట్టిన టైం నుంచి, అందుకే అలారం ముందే పెట్టుకోండి.

చేతులు సబ్బుతో కడిగి బాగా ఆరబెట్టుకోండి. పండు కోసిన చేత్తో అలాగే గుచ్చుకుంటే వేలిమీద ఉన్న తీపి రక్తం బొట్టులో కలిసి అంకె ఎక్కడికో వెళ్తుంది. వేలు మధ్యలో కాకుండా పక్కన గుచ్చండి, నొప్పి తక్కువ. రక్తం రాకపోతే వేలిని గట్టిగా పిండకుండా చెయ్యి కిందకి వేలాడదీసి కాసేపు ఆగండి.

గర్భిణులు కాని పెద్దవాళ్ళలో చాలామందికి టార్గెట్ ఇలా ఉంటుంది: తినే ముందు 80 నుంచి 130, తిన్న తర్వాత 180 లోపు. పెద్ద వయసువాళ్ళకి, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి, తరచుగా షుగర్ పడిపోయేవాళ్ళకి డాక్టర్ కొంచెం వదులుగా పెట్టొచ్చు. మీ మీటర్ ఎంజీలో కాకుండా ఎంఎంఓఎల్‌లో చూపిస్తే దాన్ని 18తో గుణించండి.

ఒక పేజీ ఎలా ఉంటుందో చూడండి, అంకెలు ఉదాహరణకే:

సోమవారం మధ్యాహ్నం. ముందు 118. ఒకటిన్నర కప్పు అన్నం, పావు కప్పు కూర, ఒక గుడ్డు. రెండు గంటలకి 226. తేడా 108.
మంగళవారం మధ్యాహ్నం. ముందు 121. ముప్పావు కప్పు అన్నం, కప్పున్నర కూర, రెండు గుడ్లు. రెండు గంటలకి 177. తేడా 56.
బుధవారం మధ్యాహ్నం. ముందు 116. మంగళవారం తిన్నదే, కానీ కూర, గుడ్లు ముందు, అన్నం చివర, తర్వాత 15 నిమిషాలు నడక. రెండు గంటలకి 154. తేడా 38.

ఇలాంటి మూడు లైన్లు మీ సొంత అంకెలతో మీ చేత్తో రాసుకుంటే అన్నం మానేయాలా అన్న ప్రశ్నకి జవాబు మీ దగ్గరే ఉంటుంది. తేడా 50 లోపు ఉండి రెండో అంకె 180 దాటకపోతే ఆ భోజనం మీకు పడుతున్నట్టే లెక్కేసుకోమంటాను. మీటర్లో కొంత తప్పు ఎప్పుడూ ఉంటుంది, ఇప్పుడున్న ప్రమాణం ప్రకారమే 100 దాటిన రీడింగుల్లో 15 శాతం అటూ ఇటూ ఒప్పుకుంటారు, కాబట్టి నిన్న 162 ఇవాళ 170 వచ్చిందని కంగారు పడకండి, అది తేడానే కాదు. ఏ భోజనం మీదైనా నిర్ణయం తీసుకునే ముందు కనీసం రెండు మూడు సార్లు టెస్ట్ చెయ్యండి.

స్ట్రిప్పుల ఖర్చు భారం అనుకునేవాళ్ళు రోజుకి ఒక పూట మాత్రమే జంట టెస్ట్ చెయ్యండి, ఈ వారం పొద్దున టిఫిన్, వచ్చే వారం మధ్యాహ్న భోజనం, ఆ తర్వాత రాత్రిది. నాకైతే పరగడుపు టెస్టు ఒక్కటే రోజూ చేసుకోవడం కన్నా ఇదే ఎక్కువ ఉపయోగం అనిపిస్తుంది, ఎందుకంటే పరగడుపు అంకె చూసి ఏ తిండి మార్చాలో తెలియదు. కానీ ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు డాక్టర్ చెప్పిన టెస్టులు మాత్రం తగ్గించకూడదు. సీజీఎం సెన్సార్ (ఒంటికి అతికించుకుంటే రోజంతా షుగర్ కొలిచే పరికరం) పెట్టుకున్నవాళ్ళకి ఈ గొడవ లేదు, గ్రాఫులో ఎత్తు చూసుకుంటే చాలు.

స్టెప్ 7. ఒకసారికి ఒక్కటే మార్చండి

అంకె ఎక్కువొస్తే ఈ వరుసలో ప్రయత్నించండి. మొదట పిండి పదార్థం ఒక వంతు తగ్గించండి. అది కష్టమైతే కూరగాయలు, ప్రోటీన్ పెంచండి. తర్వాత తినే వరుస మార్చండి. తర్వాత నడక కలపండి. ఇవన్నీ అయ్యాక కూడా ఒకే పూట అదేపనిగా 180 పైనే ఉంటే అది తిండితో తేలే విషయం కాకపోవచ్చు, మందు సరిపోవట్లేదేమో డాక్టర్‌ని అడగాలి. ఇది మీ క్రమశిక్షణ లోపం కాదు, ఏళ్ళు గడిచేకొద్దీ ఒంట్లో ఇన్సులిన్ తయారీ తగ్గుతూ పోతుంది, మందు పెంచాల్సి రావడం ఆ జబ్బులో మామూలే.

స్టెప్ 8. వారం ప్లాన్ రాయండి

పడుతున్న భోజనాలు ఏవో తెలిశాక వాటినే తిప్పి తిప్పి పెట్టుకోండి. పొద్దున టిఫిన్లు మూడు రకాలు, మధ్యాహ్నం నాలుగు, రాత్రి నాలుగు ఉంటే వారం గడిచిపోతుంది. రోజూ కొత్త వంట ఆలోచించే పని ఉండదు, అలసిపోయిన రోజు చేతికందింది తినేసే ప్రమాదమూ తగ్గుతుంది. కూరగాయలు రెండు రోజులకి సరిపడా ముందే కడిగి తరిగి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, సగం ప్లేటు కూరగాయలు అనే నియమం తప్పేది ఎక్కువగా తరిగే ఓపిక లేకే.

టైం కూడా రాయండి. ఇన్సులిన్ గానీ మొదటి స్టెప్పులో చెప్పిన గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళు పూట తప్పించకూడదు. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళు తిండితో పాటే వేసుకుంటే కడుపులో తిప్పడం తగ్గుతుంది. మధ్యలో స్నాక్ అందరికీ అక్కర్లేదు, ఆకలేస్తేనే, అప్పుడు గుప్పెడు బాదం, వేరుశనగ లాంటి గింజలు, దాదాపు 30 గ్రాములు చాలు. వాటిలో క్యాలరీలు ఎక్కువ, డబ్బా ముందు పెట్టుకుని తినకుండా కొలిచి పక్కకి తీసుకోండి.

ఉప్పు రోజు మొత్తానికి ఒక చిన్న చెంచా మించకుండా, అంటే 5 గ్రాములు, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు. షుగర్‌తో పాటు బీపీ ఉన్నవాళ్ళు చాలామంది కాబట్టి రాస్తున్నా. ప్యాకెట్ తిండిలో దాగి ఉన్న ఉప్పు కూడా ఈ లెక్కలోదే.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

"షుగర్ ఫ్రీ" అని రాసి ఉంది కదా అని తినేయడం. అందులో పంచదార లేకపోవచ్చు, మైదా ఉంటుంది, మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంటుంది. ప్యాకెట్ వెనక "షుగర్స్" లైను కాదు చూడాల్సింది, "టోటల్ కార్బోహైడ్రేట్" లైను, మొత్తం పిండి పదార్థం అంటే అదే. అది ఎన్ని గ్రాములకి ఇచ్చారో పైన సర్వింగ్ సైజులో ఉంటుంది, రెండు బిస్కెట్లకి రాసిన అంకె చూసి ఆరు తింటే మూడుతో గుణించాలి.

తెల్లన్నం బదులు బ్రౌన్ రైస్ కాబట్టి ఎంతైనా తినొచ్చనుకోవడం. పీచు కొంచెం ఎక్కువే, మంచిదే, కానీ పిండి పదార్థం ఇంచుమించు తెల్లన్నం దగ్గరదగ్గరే ఉంటుంది. కొలత మారదు. ఓట్స్‌కీ, గోధుమకీ, ఏ ధాన్యానికైనా ఇదే మాట. తేనె, బెల్లం "సహజం" కాబట్టి పర్వాలేదు అనేది కూడా ఇంతే, టేబుల్ స్పూన్ తేనెలో 17 గ్రాములు ఉంటాయి, మీటర్‌కి అది పంచదారే.

పండ్లు పూర్తిగా మానేయడం. అక్కర్లేదు. జ్యూస్ మానేసి పండు పండులా తినండి, ఒకసారికి 15 గ్రాముల వంతు, భోజనంలో పిండి పదార్థం లెక్కలో కలుపుకుని. రెండు గంటల టెస్టు చేస్తే ఏ పండు మీకు ఎంత పెంచుతుందో తెలుస్తుంది.

నూనె, కొవ్వు బాగా ఉన్న భోజనం తిని రెండు గంటల అంకె బాగుందని సంతోషపడటం. అలాంటి భోజనం నెమ్మదిగా అరుగుతుంది, మూడు నాలుగు గంటలకి పెరిగి కనిపించొచ్చు. అనుమానం ఉన్న రోజు నాలుగో గంటకి ఇంకోటి చెయ్యండి.

పొద్దున పరగడుపు షుగర్ ఎక్కువుందని రాత్రి భోజనం మానేయడం. తెల్లవారుజామున హార్మోన్ల వల్ల లివర్ గ్లూకోజ్ వదులుతుంది, రాత్రి ఏమీ తినకపోయినా పెరిగే వాళ్ళున్నారు. పడుకునే ముందు ఒకటి, తెల్లవారుజామున 3 గంటలకి ఒకటి, లేవగానే ఒకటి, ఒకట్రెండు రోజులు చెక్ చేసి ఆ అంకెలు డాక్టర్‌కి చూపించండి, ముఖ్యంగా రాత్రి ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు.

మద్యం ఖాళీ కడుపుతో తాగడం. లివర్ ఆ పనిలో ఉండి గ్లూకోజ్ వదలడం తగ్గిస్తుంది, ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడేవాళ్ళకి గంటల తర్వాత, నిద్రలో కూడా షుగర్ పడిపోవచ్చు, చుట్టూ ఉన్నవాళ్ళు మత్తు అనుకుని వదిలేస్తారు. తాగకపోతే అన్నిటికన్నా మంచిది.

జ్వరం, విరేచనాలు వచ్చినప్పుడు తినట్లేదు కదా అని ఇన్సులిన్ పూర్తిగా ఆపేయడం. ఒంట్లో బాగోలేనప్పుడు షుగర్ తిండి లేకపోయినా పెరుగుతుంది. నీళ్ళు తాగుతూ, తరచుగా చెక్ చేస్తూ, డాక్టర్‌ని అడిగి డోసు సర్దుకోవాలి. గ్లిఫ్లోజిన్ మాత్రలు, మెట్‌ఫార్మిన్ ఆ రోజుల్లో తాత్కాలికంగా ఆపాలా అనేది కూడా ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఫలితం వచ్చిందో లేదో చూసుకోవడం

రెండు వారాలకి నోట్‌బుక్‌లో తిన్న తర్వాత అంకెల్లో 180 దాటినవి తగ్గుతూ ఉండాలి. 70 లోపు అంకె ఒక్కటి కనిపించినా తిండి మార్చడం ఆపి మందు సంగతి ముందు తేల్చుకోండి.

మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ చేయించండి, అది గత రెండు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి అంతకన్నా ముందు చేయించి ప్రయోజనం తక్కువ. చాలామందికి టార్గెట్ 7 శాతం లోపు, 7 అంటే సగటున 154 ఎంజీ. మీటర్ అంకెలు బాగుండి హెచ్‌బీఏ1సీ మాత్రం ఎక్కువొస్తే రెండు కారణాలు చూడండి, మీరు టెస్ట్ చెయ్యని టైంలో పెరుగుతోందేమో, లేదా రక్తహీనత ఉందేమో, ఐరన్ లోపం ఉంటే ఈ టెస్టు ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. రక్తం ఎక్కించుకున్నవాళ్ళు కూడా ఆ విషయం చెప్పాలి.

బరువు వారానికోసారి, పొద్దున్నే, ఒకే త్రాసు మీద. బరువు ఎక్కువ ఉన్నవాళ్ళకి 5 శాతం తగ్గినా షుగర్‌లో తేడా కనిపిస్తుంది. బ్రిటన్‌లో జరిగి 2017లో ఫలితాలు బయటపెట్టిన డైరెక్ట్ అనే ట్రయల్‌లో, షుగర్ వచ్చి ఆరేళ్ళు దాటనివాళ్ళకి డాక్టర్ల పర్యవేక్షణలో క్యాలరీలు బాగా తగ్గించి బరువు తగ్గిస్తే ఏడాదికి దాదాపు సగం మందికి మందులు లేకుండానే షుగర్ డయాబెటిస్ స్థాయి కన్నా కిందకి వచ్చింది. కొత్తగా షుగర్ వచ్చినవాళ్ళు ఈ విషయం డాక్టర్‌తో తప్పకుండా మాట్లాడండి, సొంతంగా మాత్రం అంత తక్కువ తిండికి వెళ్ళకండి. ప్రయత్నం చెయ్యకుండానే బరువు తగ్గిపోతూ, దాహం, మూత్రం ఎక్కువవుతుంటే అది మంచి గుర్తు కాదు, వెంటనే చూపించుకోవాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు నోట్‌బుక్, మీటర్, వాడుతున్న అన్ని మందుల స్ట్రిప్పులు సంచిలో వేసుకెళ్ళండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడుతుంటే విటమిన్ బీ12 టెస్టు అడగండి, దాని లోపం వల్ల వచ్చే కాళ్ళ తిమ్మిర్లు షుగర్ వల్లే అనుకుని వదిలేస్తుంటారు. నోట్‌బుక్‌లో ఎక్కువ పెరిగిన మూడు భోజనాల దగ్గర గుర్తు పెట్టుకుని వెళ్తే, ఉన్న కాస్త టైంలో డాక్టర్ నేరుగా వాటి గురించే మాట్లాడగలుగుతారు.